పుత్తూరు ప్రేక్షకులు, తిరుపతి నిపుణులు

సినిమాలు వెయ్యకముందే, ఓట్లు పడకముందే బాలసుబ్రమణ్యం వ్యాసం రాసేశాడు. ఇరవై రెండు పేజీలు. 'వైజ్ఞానిక కల్పనా చిత్రాలు: నిపుణుల అంచనాకూ ప్రేక్షకుల అంచనాకూ మధ్య దూరం' అని పేరు. అంకెల కోసం నాలుగైదు చోట్ల ఖాళీలు వదిలాడు గాని అభిప్రాయాలకు ఎక్కడా ఖాళీ లేదు. స్టెన్సిలు కోయించి, వంద ప్రతులు సైక్లోస్టయిల్ తీయించి, పురికొసతో కట్టి బీరువా మీద పెట్టాడు కూడా. ఓట్లు లెక్క తేలాక ఖాళీలు పెన్నుతో నింపుకుంటే సరిపోతుంది.

ఇది 1981లో సంగతి. అప్పటికి ఆయన తిరుపతిలో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. పద్దెనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్నాడు, పద్దెనిమిదేళ్ళుగా వెనక బెంచీలవాళ్ళు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇంట్లో భార్య శకుంతలమ్మ ఆయన మాట వింటుంది గాని, కూరలు తరుగుతూ వింటుంది. ఆయన నోరు విప్పితే నలుగురు కాగితం, కలం తీసేది ఒక్క ఫిల్మ్ సొసైటీలోనే. సొసైటీలో నలభై ముగ్గురు సభ్యులు, వాళ్ళలో ముగ్గురు నిపుణులు. నిపుణులుగా వాళ్ళను ఎవరు నియమించారంటే, వాళ్ళే. ఒకరు బాలసుబ్రమణ్యం, ఇంకొకరు వకీలు దొరస్వామి, మూడోవారు రిటైరైన స్టేషన్ మాస్టరు జయరావు.

ఆ ఏడు మద్రాసులోని ఫిల్మ్ సొసైటీల సమాఖ్య తన మహాసభలో వ్యాసం చదవమని బాలసుబ్రమణ్యానికి ఉత్తరం రాసింది. వ్యాసం బాగుంటే ఎంపిక సంఘంలోకి తీసుకుంటారని జయరావు ఎక్కడో విని వచ్చాడు. ఎంపిక సంఘమంటే ఏ సినిమా ఏ ఊళ్ళకు పోవాలో, ఏది పోనక్కర్లేదో తేల్చే సంఘం. ఆ ఉత్తరాన్ని బాలసుబ్రమణ్యం చొక్కా జేబులో పెట్టుకుని, చెమటకు సిరా గుడ్డకు అంటుకునేదాకా తిరిగాడు. పాపం, నవ్వకూడదు. నలభై ఆరేళ్ళకు మొదటిసారి ఒక పెద్ద ఊరు ఆయన మాట వింటానంది.

వ్యాసంలో వాదం ఒక్కటే. నిపుణుడు మెచ్చేది జనానికి ఎక్కదు, జనం ఎగబడేది నిపుణుడికి ఆనదు. ఒకరి జాబితాను తలకిందులు చేస్తే రెండోవారి జాబితా వస్తుంది. దీన్ని రుజువు చెయ్యడానికి ఐదు సినిమాలు కావాలి, ఒక జనం కావాలి. సినిమాలు సమాఖ్య పంపుతానంది. చిక్కల్లా జనం దగ్గరే వచ్చింది. మాఘమాసం కావడంతో తిరుపతిలో హాలన్నది ప్రతిదీ పెళ్ళివారి చేతిలో ఉంది.

"పుత్తూరులో వేస్తే పోలా?" అన్నాడు జయరావు. రైల్వేలో ముప్పై ఏళ్ళు చేసినవాడు కనక ఆయనకు ఊళ్ళన్నీ స్టేషన్ల వరసలోనే తోస్తాయి. "రీళ్ళ పెట్టెలు మద్రాసు నుంచి ఎట్లాగూ ఆ దారినే రావాల. దేవకమ్మ టెంటు ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటాది."

"పుత్తూరు జనానికి ఇట్లాటి సినిమాలు ఏం తెలస్తాయి?" అన్నాడు దొరస్వామి.

"మనకు కావాల్సింది తెలియనోళ్ళే గదా స్వామీ" అన్నాడు బాలసుబ్రమణ్యం. ఖాళీలు నిండబోతున్న తృప్తి ఆయన మొహంలో కనిపించింది.

పుత్తూరు సంగతి ఆ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. చెయ్యి విరిగినా కాలు విరిగినా జనం అక్కడికే పోతారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డపీలికలు పెట్టి కట్టు కడతారు. కట్టించుకున్నవాళ్ళు మళ్ళీ కట్టు మార్చే రోజు దాకా చుట్టుపక్కల అద్దె గదుల్లో పడుకుని దూలాలు లెక్కపెడుతుంటారు. దేవకమ్మ టెంటును పోషించేది వాళ్ళే. పేరుకు టెంటు గాని రేకులు వేసి పదేళ్ళయింది. మొగుడు పోయాక దేవకమ్మే దాన్ని నడుపుతోంది. ఆ టెంటులో ఒక మర్యాద ఉంది. కాలికి కట్టు ఉన్నవాడు పక్కన కూర్చున్నవాడి ఒళ్ళో కాలు చాచుకోవచ్చు. పక్కవాడు ఎంతటివాడైనా కాదనకూడదు. బొమ్మ అయిపోయేదాకా ఆ కాలు జాగ్రత్త అతనిదే. ఒకసారి సినిమా చూడ్డానికి వచ్చిన తహసీల్దారు గారు కూడా ఎవరిదో కాలు రెండున్నర గంటలు మోశారని దేవకమ్మ గొప్పగా చెబుతుంది.

ఐదు ఆదివారాలు, ఐదు సినిమాలు. పేర్లు ఇంగ్లీషులోనో మరో భాషలోనో ఉండేవి గనక జనం వాటికి తమ పేర్లు పెట్టుకున్నారు. కొండంత జెర్రి పట్నం మీద పడేది జెర్రి బొమ్మ. యంత్రం ఒకటి మనిషి పిల్లను ప్రేమించేది ఇనుప పెళ్ళికొడుకు. ఆకాశం నుంచి దిగేవాళ్ళది పచ్చ మనుషులు. గడిచిపోయిన కాలానికి ప్రయాణం చేసేది నిన్నటికి పోయే బండి. ఇక ఐదోది, తూర్పు ఐరోపా నుంచి వచ్చింది, మాటలు దాదాపు లేనిది. అంతరిక్షంలో ఒక్కడే ఉన్న ఒక మనిషి ఓడ లోపల తేలుతూ ఏవో మరలు బిగించుకుంటూ ఉంటాడు. దానికి తేలే మనిషి బొమ్మ అని పేరుపడింది.

నిపుణుల జాబితా ముందే సిద్ధమైంది. తేలే మనిషి మొదటిది, నిన్నటికి పోయే బండి రెండోది, ఆ తర్వాత ఇనుప పెళ్ళికొడుకు, పచ్చ మనుషులు, అట్టడుగున జెర్రి. జాబితాను కవర్లో పెట్టి సీలు వేద్దామని జయరావు అన్నాడు. నిపుణుల మాట మీద నిపుణులకే అనుమానమేమిటని దొరస్వామి దాన్ని బల్ల సొరుగులో పడేశాడు.

తేలే మనిషిని మొదట పెట్టిందీ, 'శూన్యంలో నిశ్శబ్దం పాడిన కచేరి' అని జాబితాలో దాని పక్కన రాసిందీ బాలసుబ్రమణ్యమే. ఆయన ఆ సినిమాను మద్రాసులో రెండుసార్లు చూశాడు. ఉన్నమాట చెప్పుకోవాలంటే రెండుసార్లూ అరగంట చూసి, మిగతా గంటన్నరా హాయిగా నిద్రపోయాడు. పొగడ్త ఒక ఇంగ్లీషు పత్రికలోది. ఇందులో ఆయన్ని తిట్టిపోయడానికి కూడా ఏమీ లేదు. దొరస్వామి ఆ మాత్రం అరగంట కూడా చూడలేదు.

మొదటి నాలుగు ఆదివారాలూ సాఫీగా గడిచాయి. ఐదో ఆదివారం బాలసుబ్రమణ్యం వెళ్ళేసరికి కుర్చీలన్నీ నిండిపోయాయి. బెంచీ చివర ఒక్క చోటు మిగిలింది. కూర్చున్నాడో లేదో పక్కనున్న నడివయసు మనిషి దణ్ణం పెట్టాడు. పేరు కుప్పయ్య అట. సత్యవేడు దగ్గర వేరుసెనగ రైతు. గడ్డివామి మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకుని నెల దాటింది.

"సార్, కాలు కొంచెం మీ ఒళ్ళో పెట్టుకుంటా" అన్నాడు కుప్పయ్య. అడిగినట్టు అన్నాడు గాని అప్పటికే పెట్టేశాడు.

వెదురు బద్దల కాలు మూడు నాలుగు వీశెల బరువుంటుంది. గుడ్డుసొన వాసన కొడుతోంది. జారితే ఆ మనిషి ప్రాణం పోతుంది. బాలసుబ్రమణ్యం రెండు చేతులతో దాన్ని పొదివి పట్టుకుని కూర్చున్నాడు. అరగంటకు అలవాటు ప్రకారం రెప్పలు బరువెక్కాయి. తల వాలగానే కుప్పయ్య, "సార్, కాలు" అన్నాడు మెల్లగా. మరో పది నిమిషాలకు మళ్ళీ, "సార్, కాలు." ఇక లాభం లేదని ఆయన కళ్ళు విప్పి సినిమా చూడసాగాడు.

తెర మీద మనిషి తేలుతూ భోంచేశాడు, తేలుతూ నిద్రపోయాడు, కాళ్ళు రెండూ తోకల మాదిరి వెనకాల వేలాడుతుండగా ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం చదువుకున్నాడు. అట్లా నెలలు గడిచాయి. తర్వాత భూమికి దిగాడు. తలుపు తీసి ఇద్దరు మనుషులు వచ్చి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి ఇరవై నిమిషాల సేపు సినిమాలో జరిగింది ఒక్కటే. ఆ మనిషి కుర్చీలోంచి లేచి నిలబడడానికి ప్రయత్నిస్తాడు. లేవలేడు. మళ్ళీ ప్రయత్నిస్తాడు.

టెంటులో ఎవరూ చుట్ట కూడా వెలిగించలేదు. తెర మీద మనిషి మోకాళ్ళు వణుకుతుంటే నేల తరగతిలోంచి ఒక ఆడగొంతు, "తొందరపడొద్దు నాయనా, తొందరపడొద్దు" అంది. ఇంకెవరో, "గోడ పట్టుకో అబ్బా, గోడ" అన్నారు.

కుప్పయ్య తెర మీంచి చూపు తిప్పకుండానే పక్కకు వంగాడు. "బరువు మొయ్యకుంటే కాలు మరిసిపోతాది సార్. ఇరిగినప్పుడు నొప్పే గాని భయం లేదు. కట్టిప్పినాక, మొదటి తూరి నేల మీద పెట్టేటప్పుడు ఉంటాది సూడండి భయం. ఈ బొమ్మ తీసినోడికి ఎప్పుడో కాలు ఇరిగుంటాది."

బరువు లేనిచోట ఎముక బలం తగ్గిపోతుందని బాలసుబ్రమణ్యం క్లాసులో చాలాసార్లు చెప్పాడు. అది ఒక మనిషి భయమని ఆయనకు ఎన్నడూ తోచలేదు. తెర మీద మనిషి నిలబడ్డాడు. రెండు క్షణాలు, ఎవరి ఆసరా లేకుండా. అంతే, సినిమా అయిపోయింది. బాలసుబ్రమణ్యానికి కళ్ళు నిండాయి. చేతుల్లో కాలు ఉంది గనక భుజానికేసి తుడుచుకున్నాడు. ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ళలో ఒక సినిమా ఆయనకు నిజంగా నచ్చడం అదే మొదలు. సంతోషంతో పాటు కాస్త సిగ్గు కూడా వేసింది.

సినిమా వదలగానే ఓట్లు. ఐదు మట్టిముంతలు వరసగా పెట్టి, ఒక్కొక్కదాని ముందు ఆ సినిమాలోని ఫొటో అతికించారు. ఐదు వారాలూ వచ్చినవాళ్ళకు మనిషికి పదిహేను చింతగింజలు. బాగా నచ్చినదానికి ఐదు, తర్వాతిదానికి నాలుగు, అట్లా ఒకటిదాకా. చేతికి కట్టు ఉన్నవాళ్ళు గడ్డంతో చూపిస్తే దేవకమ్మ తానే వేసింది. గింజలు లెక్కపెట్టడానికి గంట పట్టింది. లెక్క తేలాక బాలసుబ్రమణ్యం రెండోసారి లెక్కపెట్టించాడు.

తేలే మనిషి మొదటిది. నిన్నటికి పోయే బండి రెండోది. ఇనుప పెళ్ళికొడుకు, పచ్చ మనుషులు, అట్టడుగున జెర్రి. పైనుంచి కిందిదాకా పొల్లు తేడా లేకుండా నిపుణుల జాబితాయే.

"జెర్రి మీకు నచ్చలేదా?" అని ఆయన దేవకమ్మను అడిగాడు. ఆయన ఆశలన్నీ దాని మీదే పెట్టుకున్నాడు.

"జెర్రి కనపడితే సెప్పు తీసుకుని కొడతాం సామీ. దానికి అంతమంది సిపాయిలు యాడన్నా వస్తారా? ఆ పచ్చ మనుషులదీ అంతే. ఇంటికొచ్చినోళ్ళను కూర్సోమని కూడా అనకుండా తుపాకులు ఎత్తినారు. ఏం మర్యాద అది?"

ఆ సాయంత్రం దొరస్వామి ఇంట్లో నిపుణుల అత్యవసర సమావేశం జరిగింది. దొరస్వామి సంగతి విని, ఎవరో తన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయినట్టు కూర్చున్నాడు.

"మనమూ వాళ్ళూ ఒకటే అంటే, ఇంక మనమెందుకు?" అన్నాడాయన.

"జాబితా కలిసింది గదా, మంచిదే గదా" అన్నాడు జయరావు.

"మంచిదేందప్పా? ఇరవై రెండు పేజీలు దూరం దూరం అని రాసి, వంద కాపీలు తీసినాడు. ఇప్పుడు మద్రాసు పోయి దూరం లేదని చెప్తాడా?"

దూరం కావాలంటే ఎవరో ఒకరు కదలాలి. పుత్తూరు జనం గింజలు వేసేసి ఇళ్ళకు పోయారు. కదలగలిగింది నిపుణులే. సొరుగులోంచి జాబితా బయటికి వచ్చింది. దొరస్వామి వకీలు గనక కారణాలకు కొదవలేదు. అందరికీ అంత సులువుగా అందిందంటే తేలే మనిషిలో లోతు లేనట్టే అన్నాడు. జెర్రిలో, నిదానంగా ఆలోచిస్తే, పారిశ్రామిక నాగరికత మీద మెత్తని విమర్శ ఉందన్నాడు. దానికి అన్ని కాళ్ళుండడం ఊరికే కాదన్నాడు. అరగంటలో జెర్రి మొదటి స్థానానికి పాకింది, తేలే మనిషి ఐదుకు దిగింది.

బాలసుబ్రమణ్యం, "నాకు ఆ సినిమా నచ్చింది" అనాలనుకున్నాడు. పొద్దున ఒళ్ళో ఉన్న కాలి బరువు ఇంకా తొడల మీద తెలుస్తూనే ఉంది. అంటే ఏమవుతుంది? వ్యాసం లేదు, మద్రాసు లేదు, ఎంపిక సంఘం లేదు. సోమవారం మళ్ళీ వెనక బెంచీలూ, కిటికీ. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి దొరస్వామి చేతికిచ్చాడు.

"సరే, రాయండి" అన్నాడు.

మద్రాసులో వ్యాసం అదిరిపోయింది. తూర్పు ఐరోపా సినిమాలు మెచ్చుకుని మెచ్చుకుని విసిగిపోయిన అక్కడి నిపుణులకు జెర్రి దేవుడిచ్చిన వరమైంది. దాన్ని చూడనివాళ్ళు కూడా మొదటి నుంచీ తమ అభిప్రాయం అదేనన్నారు. మాటల మధ్య ఎవరో ఒకాయన బాలసుబ్రమణ్యం మాటను రాసుకున్నాడు కూడా. సాయంత్రానికి ఆయన ఎంపిక సంఘం సభ్యుడయ్యాడు. సంఘం మొదటి తీర్మానం ఆయన వ్యాసం మీదే. జెర్రి సినిమాను జిల్లాలన్నిటికీ తిప్పాలి. నిపుణుల ఆదరణ లేని తేలే మనిషి ప్రతిని దాన్ని పంపిన దేశపు కాన్సలేటుకు వాపసు ఇవ్వాలి. కాగితం చేతికి వస్తే ఆయన సంతకం పెట్టాడు. మిగతా సభ్యుల సంతకాల కన్నా కాస్త పెద్దగానే పెట్టాడు.

చైత్రం వెళ్ళాక జెర్రి పుత్తూరుకు వచ్చింది. ఎంపిక సంఘం సభ్యుడు సినిమాకు ముందు నాలుగు మాటలు చెప్పాలని నియమం. బాలసుబ్రమణ్యం ఇస్త్రీ చొక్కా వేసుకుని టెంటు ముందు రిక్షా దిగేసరికి ఒకతను ఎదురు నడిచి వచ్చాడు. మొదట పోల్చుకోలేకపోయాడు. కుప్పయ్యను నిలబడి ఉండగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

"కట్టిప్పేసినారు సార్" అన్నాడు కుప్పయ్య. కాలు నేల మీద ఒకసారి తట్టి చూపించాడు. "ఈ పొద్దు తేలే మనిషి బొమ్మే గదా? ఫిల్మ్ సొసైటీ వాళ్ళు మళ్ళీ వేస్తా ఉండారని దేవకమ్మ కబురంపింది. మా ఇంటిదాన్ని గూడా పిలుచుకొచ్చినాను. ఆ సివర్లో లేసి నిలబడేది సూపిద్దామని."

వెనకాల అతని భార్య గురవమ్మ, టిఫిన్ డబ్బా సంచి పట్టుకుని, కొంగు సవరించుకుంది. సత్యవేడు నుంచి బస్సు మారి వచ్చినట్టున్నారు.

"అది కాదప్పా. జెర్రి బొమ్మ" అన్నాడు బాలసుబ్రమణ్యం.

"మళ్ళా దాన్నేనా? మరి అది ఎప్పుడేస్తారు సార్?"

"అది వెయ్యరు. నిపుణులు దాన్ని ఆఖర్న పెట్టినారు. అందుకని ఆ దేశమోళ్ళకు తిరిగి పంపించేసినారు."

"నిపుణులంటే ఎవురు సార్?"

మద్రాసు వాళ్ళని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ గోడకు అతికించిన కాగితం మీద ఆయన పేరే పెద్దక్షరాల్లో ఉంది, కింద 'నిపుణులు' అని కూడా ఉంది. గురవమ్మ దాన్నే కూడబలుక్కుంటూ చదువుతోంది.

"నేనూ, ఇంకో ఇద్దరూ" అన్నాడు.

కుప్పయ్య కోపం తెచ్చుకుంటాడేమోనని బాలసుబ్రమణ్యం చూశాడు. తెచ్చుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు. కుప్పయ్య మొహంలో కనిపించింది జాలి.

"మీరు నా పక్కనే ఉంటిరి గదా సార్. పాపం, మజ్జెమజ్జెలో కునుకు పడతా ఉంటిరి. సివర్న ఆ మనిషి లేసేది మీకు అర్థమైనట్టు లేదు. మీ తప్పు కాదులే, కాలు ఇరగనోళ్ళకు అది పట్టదు. ఆ పొద్దే నన్ను అడిగుంటే ఇంకొంచెం ఇడమరిసి సెప్పుందును."

బాలసుబ్రమణ్యానికి రెండే జవాబులున్నాయి. అర్థమైందంటే, అర్థమయ్యి కూడా ఎందుకు అట్లా చేశావని అడుగుతాడు. లోపల గంట మోగింది. దేవకమ్మ తలుపు దగ్గర నిలబడి రమ్మని చెయ్యి ఊపుతోంది.

"అవునప్పా, నాకు అర్థం కాలేదు" అన్నాడు ఆయన. పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. అది కూడా అబద్ధమే.